శిక్ష ముగిశాక: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

జైలు నుంచి విడుదలైనవారు, విడుదల కాబోతున్నవారు, ఇంటి దగ్గర వారి కోసం ఎదురుచూస్తున్నవారు రాసిన ఉత్తరాలకు ఈ సంచికలోని శీర్షికను పూర్తిగా కేటాయించాము. ఉత్తరాలను కుదించి, పేర్లూ ఊళ్లూ తీసేసి, జిల్లా మాత్రమే ఉంచాము.

ప్రశ్న: మా ఆయన లారీ డ్రైవరు. హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడి పదహారేళ్లుగా రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో ఉన్నారు. సత్ప్రవర్తన కింద విడుదల చేసేవారి జాబితాలో పేరు ఉందని చెబుతున్నారు. ఆయన వెళ్లేటప్పటికి మా అమ్మాయికి రెండేళ్లు, ఇప్పుడు డిగ్రీలో చేరింది. డ్వాక్రా అప్పుతో కుట్టుమిషను కొనుక్కుని సంసారం నెట్టుకొచ్చాను. ఆయన వస్తున్నారంటే సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. చనిపోయినవారి కుటుంబం మా ఊళ్లోనే ఉంటోంది. ముందుగా నేనేం చేసుకోవాలి? – ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, సంతోషమూ భయమూ కలిసి ఉండటంలో తప్పేమీ లేదు. పదహారేళ్లు ఇంటిని ఒంటిచేత్తో నడిపిన మీకు, ఆ ఇంట్లోకి మళ్లీ ఒక మనిషి వచ్చి చేరితే ఎన్ని సర్దుబాట్లు కావాలో తెలుసు కాబట్టే ఆ భయం. విడుదలైన వ్యక్తికి కావలసినవన్నీ ఒకే చోట చూసిపెట్టే కార్యాలయం మన జిల్లాల్లో కనిపించదు. ఉన్న సాయం న్యాయసేవాధికార సంస్థలో కొంత, ప్రొబేషన్ అధికారి దగ్గర కొంత, గ్రామ సచివాలయంలో కొంత, జైళ్ల శాఖలో కొంతగా చెదిరి ఉంది. దాన్ని కూడగట్టే పని ఇంట్లోవాళ్ల మీద, అందులోనూ ఆడవాళ్ల మీద పడుతోంది. ఇది న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఆయన గేటు దాటేలోగా చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి కనుక వాటితోనే మొదలుపెడతాను.

ముందు కాగితాల సంగతి చూడండి. వచ్చే ములాఖత్‌లో ఆయనతో మాట్లాడి, విడుదల ధ్రువపత్రం, విడుదల ఉత్తర్వు నకలు, లోపల వడ్రంగమో నేతో నేర్చుకుని ఉంటే ఆ శిక్షణ పత్రం, చదువుకుని ఉంటే ఆ సర్టిఫికెట్లు, జైలు ఆసుపత్రిలో మందులు వాడుతుంటే ఆ చీటీలు, ఇవన్నీ అడిగి తీసుకోవాలని గుర్తుచేయండి. బయటికి వచ్చే రోజు హడావిడిలో చాలామంది విడుదల కాగితం ఒక్కటి జేబులో పెట్టుకుని వచ్చేస్తారు. మిగిలినవాటి కోసం మళ్లీ రాజమహేంద్రవరం వెళ్లడానికి డబ్బూ ఉండదు, మనసూ ఒప్పదు. లోపల చేసిన పనికి ఆయన పేరున జమ అయిన కూలి ఎంతో లెక్క చూపించి ఇమ్మని కూడా అడగాలి. ఖైదీ చేసిన పనికి న్యాయమైన వేతనం ఇవ్వాలని, అందులో కొంత బాధితులకు చెందేలా ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు 1998లో గుజరాత్ కేసులో చెప్పింది. ఆ సొమ్ము దయతో ఇచ్చేది కాదు, ఆయన కష్టార్జితం.

ఇక మీ వైపు నుంచి చూసుకోవలసినవి. రేషన్ కార్డులో ఆయన పేరు ఉందో తొలగించారో సచివాలయంలో కనుక్కోండి. పాత బ్యాంకు ఖాతా ఉంటే, రెండేళ్లపాటు లావాదేవీలు లేని ఖాతాను బ్యాంకులు నిలిపి ఉంచుతాయి కనుక, ఆయన ఆధార్‌తో స్వయంగా వెళ్లి కేవైసీ ఇచ్చి దాన్ని మళ్లీ తెరిపించుకోవాలి. పదేళ్లు దాటిన సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లినా, అడిగితే వడ్డీతో లెక్కగట్టి తిరిగి ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరి ఏడాది దాటి ఉంటుంది కాబట్టి మళ్లీ పరీక్షకు హాజరు కాక తప్పదు. పాత అనుభవాన్ని నమ్ముకుని లైసెన్సు లేకుండా బండి ఎక్కనివ్వకండి. చిన్న కేసైనా సరే, ఆయన విషయంలో అది చిన్నదిగా మిగలదు.

అందుకు కారణం ఉంది. గడువుకు ముందే చేసే విడుదల షరతులతో కూడినది. ఉత్తర్వులో ఏయే గడువుల్లో ఎవరి ముందు హాజరు కావాలో, ఊరు విడిచి వెళ్లాలంటే ఎవరికి చెప్పాలో రాసి ఉంటే, దాన్ని మీరూ మీ అమ్మాయీ కూడా చదివి పెట్టుకోండి. షరతు తప్పితే ప్రభుత్వం శిక్ష తగ్గింపును రద్దు చేయవచ్చు; అప్పుడు వారెంటు లేకుండానే అరెస్టు చేసి మిగిలిన శిక్ష అనుభవించడానికి తిరిగి పంపవచ్చు. హాజరు తేదీలను గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం, వెళ్లిన ప్రతిసారీ సంతకమో ముద్రో పడిన కాగితం తెచ్చుకుని ఒకే సంచిలో దాచడం మంచిది.

చనిపోయినవారి కుటుంబం గురించి మీరు రాసిన ఒక్క వాక్యమే ఈ ఉత్తరంలో అన్నింటికన్నా బరువైనది. వారికి ఆ పదహారేళ్లూ వేరే రకంగా గడిచాయి. విడుదల రోజున మేళతాళాలు, ఊరేగింపు, బంధువుల భోజనాలు, ఫోనుల్లో ఫోటోలు పెట్టుకోవడం వంటివి ఏవీ వద్దు. వారి ఇంటిముందు నుంచి వెళ్లే దారి తప్ప మరో దారి లేకపోతే, మొదటి కొన్ని నెలలు మీ పుట్టింట్లోనో మరో ఊళ్లోనో ఉండటం గురించి నిజంగా ఆలోచించండి. క్షమాపణ చెప్పుకోవాలని ఆయనకు ఉన్నా, నేరుగా ఆ ఇంటికి వెళ్లడం తొందరపాటు అవుతుంది. రెండు వైపులా గౌరవించే పెద్దమనిషి ద్వారా, వారు వింటామన్నప్పుడే ఆ మాట వెళ్లాలి. వారు ఎప్పటికీ విననంటే అది వారి హక్కు. ప్రాణభయం ఉందనిపిస్తే ఆ సంగతి ముందే పోలీసుస్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంట్లోకి వచ్చాక మీరు చూడబోయేవి కొన్ని చెబుతాను, అప్పుడు ఆశ్చర్యపోకుండా ఉంటారు. పొద్దు గూకే వేళకు ఆయన మాట తగ్గించి ఒక మూల కూర్చోవచ్చు. పదహారేళ్లుగా ఆ వేళకు లెక్క చూసి లాకప్ చేసిన అలవాటు అది. తలుపు తీసే ఉన్నా, బయటికి వెళ్లనా అని మిమ్మల్ని అడగవచ్చు. కంచంలో పెట్టింది తల ఎత్తకుండా ఐదు నిమిషాల్లో తినేసి, కంచం తానే కడిగి పెట్టవచ్చు. టీ కొట్టు దగ్గర పది రూపాయలు ఫోనుతో ఎలా ఇస్తారో తెలియక చేతులు నలుపుకుంటూ నిలబడవచ్చు. అలాంటి చోట మీ అమ్మాయి పక్కనుండి నేర్పిస్తే, తండ్రీ కూతుళ్లకు మాట కలవడానికి అదే ఒక వంక అవుతుంది. రెండేళ్ల పిల్లను వదిలి వెళ్లినవాడికి డిగ్రీ చదివే కూతురి మీద అధికారం ఒక్కరోజులో రాదు. ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు అని మొదటి వారంలోనే మొదలుపెట్టవద్దని ఆయనకు మీరే ముందుగా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, ఉలికిపడటం, కోపం ఎక్కువైతే 14416 నంబరులో ఉండే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్‌కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మద్యం అలవాటు తిరగబెట్టే సూచన కనిపిస్తే మత్తు విముక్తి సహాయ నంబరు 14446కు చేయండి.

అమ్మాయి పెళ్లి గురించి మీరు అడగలేదు గాని, ఆ బెంగ ఉండే ఉంటుంది. సంబంధం వచ్చినప్పుడు తండ్రి సంగతి దాచకండి. పెళ్లిచూపుల నాడే, పెద్దల ద్వారా, ఉన్నది ఉన్నట్లు చెప్పించండి. విని వెనక్కి వెళ్లేవారు వెళ్తారు; దాచిపెట్టి చేసిన పెళ్లిలో ఆ మాట జీవితాంతం అమ్మాయినే గుచ్చుతుంది.

ప్రశ్న: నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉండగా హాస్టల్ గొడవలో నా మీద కొట్లాట కేసు పెట్టారు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాము. ఇప్పుడు ఒక కంపెనీ ఉద్యోగానికీ, పోలీసు ఉద్యోగానికీ దరఖాస్తు చేస్తున్నాను. 'మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు ఉందా' అన్న గడి దగ్గర ఆగిపోయాను. లేదని రాయమని స్నేహితులు అంటున్నారు. – ఒక యువకుడు, వరంగల్ జిల్లా

జవాబు: తమ్ముడూ, లేదని రాయవద్దు. ప్రశ్న ఏమని అడిగారో అక్షరం అక్షరం చదివి, అడిగినదానికి నిజం రాయి. శిక్ష పడిందా అని మాత్రమే అడిగితే పడలేదన్నదే సత్యం, ఎందుకంటే రాజీ చేసుకోదగిన నేరంలో చట్టప్రకారం రాజీ జరిగితే అది నిర్దోషిగా విడుదల చేసినదానితో సమానం. ఎప్పుడైనా కేసు నమోదైందా అని అడిగితే మాత్రం నమోదైందని రాసి, పక్కనే కేసు నంబరు, సంవత్సరం, రాజీతో ముగిసిన తేదీ వేసి, లోక్ అదాలత్ అవార్డు ధ్రువీకృత నకలు జతచేయి.

ఇందుకు ఆధారం అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు. దరఖాస్తులో ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని, కుర్రతనంలో జరిగిన అల్పమైన సంఘటన అయితే దాన్ని యజమాని ఉపేక్షించవచ్చని, నిజం చెప్పినా అభ్యర్థి పూర్వ ప్రవర్తనను పరిశీలించే అధికారం యజమానికి ఉంటుందని అందులో ఉంది. అంటే నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు, పోలీసు ఉద్యోగాల్లో ఈ వడపోత మరీ గట్టిగా ఉంటుంది. అయితే దాచి దొరికిపోయినవారి పరిస్థితి అంతకన్నా అధ్వానం. శిక్షణ పూర్తయి యూనిఫాం వేసుకున్నాక తొలగించబడినవారు ఉన్నారు. పాత గొడవ చిన్నదే కావచ్చు, దాన్ని దాచడం మాత్రం కొత్త తప్పు అవుతుంది.

ఇదే తరహాలో మరికొందరు రాశారు కనుక వారికీ ఇక్కడే చెబుతాను. పద్దెనిమిదేళ్లలోపు వయసులో జరిగినదైతే, 2015 నాటి బాల న్యాయ చట్టం 24వ సెక్షను ప్రకారం దాని వల్ల ఏ అనర్హతా అంటదు. పదహారు దాటిన బాలలపై ఘోర నేరాల్లో పెద్దలతో సమానంగా విచారణ జరిగిన సందర్భమే దీనికి మినహాయింపు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలినవారికి, సత్ప్రవర్తన బాండు మీద విడుదలైనవారికి ఆ చట్టం 12వ సెక్షను అనర్హత నుంచి రక్షణ ఇస్తుంది. ఆ రక్షణకు హద్దు ఉంది. నేరం రుజువైందన్న విషయాన్ని అది చెరిపేయదు, ప్రభుత్వ ఉద్యోగిపై శాఖాపరమైన చర్యను ఆపదు. పాస్‌పోర్టు గురించి అడిగినవారికి: నైతిక పతనంతో ముడిపడిన నేరంలో రెండేళ్లకు తగ్గని శిక్ష పడి, ఆ తీర్పు వచ్చి ఐదేళ్లు దాటకపోతే నిరాకరించే అవకాశం ఉంది. కేసు ఇంకా నడుస్తుంటే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

ప్రశ్న: మా చెల్లెలు కేసులో జైలుకు వెళ్లింది. భర్త వదిలేసి చాలాకాలమైంది. ఎనిమిదేళ్ల బాబు, మూడేళ్ల పాప. పాప తల్లితోనే జైల్లో ఉంది, బాబు నా దగ్గర ఉన్నాడు. కూలి చేసుకునే మాకు మా పిల్లలే ముగ్గురు. బాబుకు అమ్మ ఊరెళ్లిందని చెప్పాను. ఎంతకాలం ఇలా? – ఒక అన్న, కర్నూలు జిల్లా

జవాబు: అన్నా, మేనల్లుణ్ని తీసుకొచ్చి మీ పిల్లల పక్కన కూర్చోబెట్టి అన్నం పెడుతున్నారు. ఆ ఒక్క పనికి మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇప్పుడు ఆ బరువులో ప్రభుత్వం మోయవలసిన పాలు అడిగి తీసుకుందాం.

మీ జిల్లాలోని బాలల సంక్షేమ సమితికి ఒక అర్జీ రాయండి. తల్లి జైల్లో ఉంది, తండ్రి వదిలేశాడు, పిల్లవాడు మేనమామ దగ్గర ఉన్నాడు, పోషణకు ఆదాయం చాలదు, ఈ నాలుగు సంగతులూ అందులో ఉండాలి. బాలల పరిరక్షణ కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద, ఇంట్లోనే ఉండి పెరుగుతున్న పిల్లలకు స్పాన్సర్‌షిప్ పేరుతో నెలకు 4,000 రూపాయల సాయం ఇచ్చే ఏర్పాటు ఉంది. అర్హత ఉందో లేదో ఇంటికి వచ్చి విచారించి తేలుస్తారు, నిధులను బట్టి మంజూరు చేస్తారు, కాబట్టి ఆలస్యం కావచ్చు. అర్జీకి రసీదు తీసుకోవడం మరువకండి. బాబు ఆధార్, బడిలో చదువుతున్నట్లు ధ్రువపత్రం, మీ రేషన్ కార్డు, చెల్లెలు జైల్లో ఉన్నట్లు సూపరింటెండెంటు ఇచ్చే పత్రం జతచేయండి. దారి తెలియకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి కలుపుతారు. పిల్లవాణ్ని హాస్టల్లో వేయమని ఎవరైనా తొందరపెట్టినా, మీ ఇంట్లో వాడు బాగా ఉన్నంతకాలం ఒప్పుకోకండి. అయినవాళ్ల మధ్య పెరగడమే వాడికి మేలు, చట్టం ఉద్దేశం కూడా అదే.

పాప సంగతి. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ఈ దేశంలో తల్లులతో జైల్లో ఉండే పిల్లలందరికీ వర్తిస్తుంది. ఆరేళ్లు వచ్చేవరకు బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. వయసుకు తగిన తిండి, పాలు, టీకాలు, వైద్యం, ఆడుకునే చోటు, పెద్ద మహిళా జైళ్లలో క్రెష్, నర్సరీ ఉండాలని అందులో చెప్పారు. పిల్లలను ఖైదీలుగా చూడరాదని కూడా ఉంది. పాపకు ఆరేళ్లు నిండేలోపు ఎవరి దగ్గరకు పంపాలో చెల్లెలితో ఇప్పటినుంచే మాట్లాడుకోండి, చివరి నెలలో కాదు.

ఇక బాబుకు ఏం చెప్పాలన్నది. ఎనిమిదేళ్లవాడికి వీధిలో ఎవరో ఒకరు చెప్పేస్తారు, ఈపాటికి చెప్పి ఉండవచ్చు కూడా. "అమ్మ మీద కేసు ఉంది. కోర్టువాళ్లు చెప్పిన చోట కొన్నాళ్లు ఉండాలి. అక్కడ చెల్లి కూడా ఉంది. నువ్వేమీ తప్పు చేయలేదు. అమ్మకు నువ్వంటే ప్రాణం" అని మీ నోటితో, భయపెట్టకుండా, మీ పిల్లలు కూడా వింటుండగా చెప్పండి. తర్వాత ములాఖత్‌కు తీసుకెళ్లండి. దారిలో ఏం కనిపిస్తుందో, పోలీసులు జేబులు తడిమి చూస్తారని, మధ్యలో జాలీ అడ్డుగా ఉండవచ్చని ముందే చెబితే వాడు బెదరడు. బడిలో అందరికీ చెప్పనక్కరలేదు, క్లాసు టీచరుకు ఒక్కరికి చెప్పండి చాలు.

చెల్లెలికి లాయరు లేకపోతే, కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. న్యాయసాయ నంబరు 15100కు ఫోను చేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి బెయిలు వచ్చి నెలన్నర అయింది, అయినా జైల్లోనే ఉన్నాడు. మోటారుసైకిల్ దొంగతనం కేసు, మొదటిసారి. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు, మాకెవరూ లేరు. కోర్టు దగ్గర ఒకతను డబ్బు ఇస్తే జామీను పెట్టిస్తానంటున్నాడు. – ఒక తల్లి, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ముక్కూ మొహం తెలియని మనిషి కాగితాలతో పెట్టిన జామీను తర్వాత దొంగదని తేలితే మీ అబ్బాయి మీద ఇంకో కేసు పడుతుంది.

మీలాంటి వారి కోసమే సుప్రీంకోర్టు 2023 జనవరి 31న కొన్ని ఆదేశాలు ఇచ్చింది. బెయిలు వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చు. మీ అబ్బాయికి నెల దాటింది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, బెయిలు ఉత్తర్వు నకలు చూపించి, జామీను షరతు సడలించమని పిటిషను వేయించండి. డబ్బు కట్టవలసి వస్తే, పేద ఖైదీల కోసం కేంద్ర హోంశాఖ 2023లో తెచ్చిన పథకం కింద సాయం ఉంది; ఆ ఏడాది పెట్టిన పరిమితి విచారణ ఖైదీకి 40,000 రూపాయలు, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్షా ఖైదీకి 25,000. మాదకద్రవ్యాలు, ఉగ్రవాదం, అవినీతి, మనీలాండరింగ్ వంటి కేసులకు అది వర్తించదు. మీ అబ్బాయిది అలాంటిది కాదు.

2022 చివరినాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. జామీను పెట్టే మనిషి లేకపోవడం వల్ల లోపల గడిచే ప్రతి నెలా ఉన్న పనినీ, ఇంటి అద్దెనూ, ఊళ్లో మాటనూ పోగొడుతుంది. ఆ తర్వాత నిర్దోషి అని తేలినా ఇల్లు మళ్లీ మొదటినుంచి కట్టుకోవలసిందే. అందుకే దీన్ని నేను బెయిలు సమస్యగా మాత్రమే చూడలేను.

ప్రశ్న: మాది బాపట్ల జిల్లాలో ఒకప్పుడు బ్రిటిష్‌వాళ్లు సెటిల్‌మెంటుగా పెట్టిన ఊరు. మా నాన్న యవ్వనంలో ఒక కేసులో శిక్ష అనుభవించి వచ్చారు. ఇరవై ఏళ్లుగా వ్యవసాయం తప్ప మరో ధ్యాస లేదు. అయినా ఎక్కడ దొంగతనం జరిగినా మా ఇంటికి వస్తారు. నేను ఎంబీఏ చదివాను. ఊరిపేరు చెబితే ఇంటర్వ్యూలో ముఖాలు మారిపోతాయి. – ఒక యువతి, బాపట్ల జిల్లా

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదివి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. మీ నాన్నగారి శిక్ష కోర్టు వేసినది, అది ముగిసింది. మీ ఊరి శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది, 1911లో మద్రాసు రాజధానికి వర్తింపజేశారు. పుట్టుకతోనే కొన్ని కులాలవారిని నేరస్థులుగా ముద్రవేసి, సెటిల్‌మెంట్లలో ఉంచి, హాజరు తీసుకున్నారు. ఆ రోజుల్లోనే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ చేతుల్లో స్టువార్టుపురం ఏర్పడింది. నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్పదీ అదే కథ. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది గాని ఆ చూపు రద్దు కాలేదు. స్వాతంత్ర్యం తర్వాత మీ ప్రాంతంలో ఆ చూపును మార్చే పనిని మనసుపెట్టి చేసినవారిలో హేమలతా లవణం, లవణం దంపతులను తప్పక తలచుకోవాలి. కవి జాషువా గారి కుమార్తె అయిన హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమారుడైన లవణం 1970లలో స్టువార్టుపురం వచ్చి, సంస్కార్ సంస్థ ద్వారా పనిచేశారు. ఆ ఇళ్లలో కూర్చుని, పిల్లల చదువూ పెద్దల ఉపాధీ చూడటం ద్వారానే మార్పు వస్తుందని వారు నమ్మారు. చదువుకుని ఉద్యోగానికి వెళ్తున్న నువ్వు ఆ పని కోరుకున్న ఫలితానివే.

ఇప్పుడు చేయగలిగినది. మీ నాన్నగారి పేర సస్పెక్ట్ షీటు గాని హిస్టరీ షీటు గాని, అంటే నిఘా కోసం పోలీసులు పెట్టుకునే పత్రం, ఇంకా తెరిచి ఉందేమో సమాచార హక్కు కింద అడిగి చూడండి. ఉంటే, ఇరవై ఏళ్లుగా కేసు లేదని, సాగు చేసుకుంటున్నారని చూపే పట్టాదారు పాసుపుస్తకం, సర్పంచి లేఖ వంటివాటితో దాన్ని మూసివేయమని జిల్లా ఎస్పీకి అర్జీ ఇవ్వండి. వినకపోతే న్యాయసేవాధికార సంస్థ సాయంతో హైకోర్టుకు వెళ్లవచ్చు. హిస్టరీ షీట్లు పోలీసుల అంతర్గత పత్రాలే తప్ప బయట ప్రచారం చేయడానికి కాదని, అమాయకులైన బంధువుల, ముఖ్యంగా పిల్లల వివరాలు అందులో చేర్చరాదని, వెనుకబడిన వర్గాలవారి పేర్లు యాంత్రికంగా ఎక్కించే ధోరణిని రాష్ట్రాలు సరిదిద్దుకోవాలని సుప్రీంకోర్టు 2024 మే నెలలో ఒక తీర్పులో చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో, జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడాన్ని, విముక్త జాతులవారిని (ఆ పాత చట్టం ముద్ర నుంచి బయటపడినవారిని) అలవాటు నేరస్థులుగా చూడటాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఈ రెండు తీర్పుల నకళ్లూ అర్జీకి జతచేయండి.

ఇంటర్వ్యూలో ఊరిపేరు మార్చి చెప్పాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చినా నేను తప్పుపట్టను. కానీ మార్చనవసరం లేదు.

ప్రశ్న: నాకు బేకరీ ఉంది. జైల్లో బేకరీ పని నేర్చుకుని వచ్చిన ఒకాయన పని అడిగారు. పెట్టుకోవచ్చా? మావాళ్లు వద్దంటున్నారు. – ఒక వ్యాపారి, ఖమ్మం జిల్లా

జవాబు: పెట్టుకోండి. బేకరీలో పనికి పెట్టుకోకూడదని ఏ చట్టమూ చెప్పడం లేదు. సెక్యూరిటీ గార్డులుగా పెట్టుకునేవారికీ, పిల్లలతో పనిచేసే సంస్థల సిబ్బందికీ మాత్రం పోలీసు విచారణ తప్పనిసరి. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో శిక్ష అనుభవిస్తున్నవారితోపాటు విడుదలైనవారికి కూడా పని ఇచ్చారు; రోజంతా చేతిలో డబ్బు ఆడే పని అది. 'మై నేషన్' పేరుతో అమ్మే వస్తువులూ ఖైదీలు తయారుచేసినవే.

ఒక్కటి గట్టిగా చెబుతాను. గతి లేక వచ్చాడు కదా అని సగం కూలికి పెట్టుకోకండి. మిగిలినవారికి ఇచ్చేదే ఇవ్వండి, పీఎఫ్ ఉంటే ఆయనకూ కట్టండి. కేసు ఏమిటో మీరు ఒకసారి ఏకాంతంగా అడిగి తెలుసుకోవడం న్యాయమే. తర్వాత ఆ మాట మీ దగ్గరే ఉండాలి, గల్లాపెట్టెలో వంద రూపాయలు తగ్గిన రోజున కూడా. హాజరు కోసం ఆయన స్టేషనుకు వెళ్లవలసిన రోజులుంటే కూలి కోయకుండా గంట సెలవివ్వండి. మొదటి మూడు నెలలు ఉదయం డ్యూటీ వేస్తే, సాయంత్రం ఇంటి దగ్గర పిల్లలతో ఉండగలుగుతారు.

ప్రశ్న: విడుదలై వచ్చిన మా తమ్ముడు ఓటు వేయవచ్చా? జీవితాంతం ఓటు పోయిందని ఊళ్లో అంటున్నారు. – ఒక అక్క, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వేయవచ్చు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షను ఐదో ఉపసెక్షను జైల్లో ఉన్నంతకాలమే ఓటును ఆపుతుంది. బయటికి వచ్చాక ఆ అడ్డు లేదు. శాసనసభకో పార్లమెంటుకో పోటీ చేయడం వేరే విషయం: రెండేళ్లకు తగ్గని శిక్ష పడితే విడుదలైన తర్వాత కూడా 6 ఏళ్లు అనర్హత ఉంటుంది. మీ తమ్ముడి పేరు జాబితాలో ఉందో లేదో బూత్ స్థాయి అధికారిని అడగండి. తొలగించి ఉంటే ఓటరుగా నమోదుకు ఉన్న దరఖాస్తు ఫారం 6 నింపి ఇవ్వండి. చిరునామా ధ్రువీకరణకు మీ ఇంటి కరెంటు బిల్లు చాలు.